పిట్టగోడ దాటని ఆరుబయలు

సభకు నమస్కారం.

అపార్టుమెంటులో పెరిగే పిల్లికి ఆరుబయటి గాలి, ఎండ ప్రమాదం లేకుండా ఎలా అందించాలన్నది ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవలసిన విషయం. పశువైద్యుల దగ్గరికి ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి వస్తుంది. పిల్లిని నాలుగు గోడల మధ్య బంధించడం పాపం కదా, మా అమ్మమ్మగారి ఊళ్లో పిల్లులు వాటి ఇష్టానికి తిరిగేవి అని కొందరంటారు. బయటికి వదిలితే కుక్కల పాలవుతుంది, అసలు గడపే దాటనివ్వం అని మరికొందరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పిల్లి ఆరుబయట వెతుక్కొనేవి వాసనలు, చప్పుళ్లు, ఎండ, ఎక్కి కూర్చోవడానికి ఎత్తు, చూడటానికి కదిలే ప్రాణులు. ఇవన్నీ పదడుగుల బాల్కనీలో దొరుకుతాయి, ఆ బాల్కనీకి కింది నుంచి పైదాకా గట్టి జాలీ ఉంటే. ఆ పని పూర్తి కాకముందు, బెల్టు కట్టి నడిపించడంతో సహా, మిగిలిన ఏ సరదాకూ దిగకూడదు.

అమ్మమ్మగారి ఊరి సంగతి ముందు చూద్దాం. ఆ పిల్లి గాదెల దగ్గర ఎలుకలు పట్టి, పెరట్లో మట్టి తవ్వుకొని, పెంకుటింటి కప్పు మీద పడుకొనేది. అది ఎన్నేళ్లు బతికిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకటి కనిపించకుండా పోతే దాని పిల్లల్లో మరొకటి ఆ చోటికి వచ్చేది కాబట్టి, ఒకే పిల్లి ఏళ్ల తరబడి ఉన్నట్టు మనకు గుర్తుండిపోయింది. మనిషి పక్కన పిల్లి ఉండటం చాలా పాత సంగతే. సైప్రస్ దీవిలో ఒక మనిషి సమాధి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దాదాపు 9,500 ఏళ్ల నాటిది. పూర్తిగా ఇంట్లోనే బతికే పిల్లి మాత్రం నిన్న మొన్నటిది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే ఆయన 1947లో తేమను పీల్చే మట్టి రేణువులను పిల్లుల మలమూత్రాల కోసం అమ్మడం మొదలుపెట్టాక, ఇంట్లో దుర్వాసన లేకుండా పిల్లిని ఉంచుకోవడం సామాన్యులకు సాధ్యమైంది. ఇంత కొద్ది కాలంలో పిల్లి స్వభావం మారిపోదు. అందుకే తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అది గుమ్మం వైపు చూస్తుంది.

ఆ చూపులో ఏముందో కొంచెం తెలుసుకోవాలి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోయే శబ్దం పిల్లికి 60 దాటినా వినిపిస్తుంది; ఎలుక పిల్లల కీచులాట ఆ స్థాయిలోనే ఉంటుంది. కొత్త వాసన తగిలినప్పుడు పిల్లి పై పెదవి ముడిచి, నోరు కొంచెం తెరిచి, ఎవరినో ఈసడించుకున్నట్టు ముఖం పెట్టడం మీరు చూసే ఉంటారు. పై పళ్ల వెనుక అంగిట్లో ఉండే ఒక ప్రత్యేక అవయవానికి అది ఆ వాసనను చేరవేస్తోందన్నమాట. వాన పడిన ఉదయం బాల్కనీ అంచున అరగంట కూర్చున్న పిల్లి ఖాళీగా ఉన్నట్టు మనకు కనిపిస్తుంది, కానీ ఆ అరగంటలో దానికి బోలెడంత పని జరిగింది. ఎండ విషయంలో ఒక అపోహ ఉంది: ఎండలో పడుకుంటే పిల్లికి విటమిన్ డి వస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లి చర్మం దాన్ని దాదాపుగా తయారు చేయలేదు, తిండి నుంచే అందాలి. ఎండ దానికి వెచ్చదనం, సుఖం. అంతవరకే, అది చాలు కూడా. తెల్ల చెవులున్న పిల్లులను మాత్రం మధ్యాహ్నపు ఎండలో ఉంచవద్దు, ఏళ్ల తరబడి అలా ఎండ తగిలితే ఆ చెవుల అంచులకు క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇక పడిపోవడం గురించి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే నిలబడుతుందని మనలో గట్టి నమ్మకం ఉంది. గాలిలో ఒళ్లు తిప్పుకొని కాళ్లు కిందికి తెచ్చుకోవడం నిజమే. 1894లోనే ఫ్రాన్సులో ఎటియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త వరుస ఫొటోలు తీసి దీన్ని చూపించాడు. అయితే కాళ్ల మీద దిగినంత మాత్రాన దెబ్బ తగలకుండా పోదు. న్యూయార్కులోని యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యులు, భవనాల మీది నుంచి పడి తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లుల వివరాలను 1987లో ప్రచురించారు. అవి సగటున ఐదున్నర అంతస్తుల ఎత్తు నుంచి పడ్డాయి. చికిత్స పొందినవాటిలో 90 శాతం బతికాయి. ఏడంతస్తులు దాటి పడినవాటికి దెబ్బలు తక్కువగా ఉన్నట్టు కూడా ఆ లెక్కల్లో తేలింది, దాన్ని పట్టుకొని పై అంతస్తులో ఉంటే మరీ మంచిదని చమత్కారంగా చెప్పేవారున్నారు. అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారన్న చిన్న విషయం వారు మరిచిపోతారు. బతికిన పిల్లి పరిస్థితి కూడా చెప్పాలి: అంగిలి మధ్యకు చీలి ఉంటుంది, దవడ ఎముక విరిగి ఉంటుంది, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరి రొప్పుతూ ఉంటుంది. బయటికి రక్తం కనిపించకపోయినా, పడిన పిల్లిని ఆ గంటలోనే వైద్యుడికి చూపించాలి.

అంత నేర్పున్న జంతువు ఎందుకు పడుతుంది? హైదరాబాదులో దీనికి మొదటి కారణం పావురం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద పావురం వాలుతుంది. దాని మీదే చూపు నిలిపిన పిల్లికి మధ్యలో ఉన్న ఖాళీ కనిపించదు. రెండోది మన కొత్త భవనాల నునుపు. మట్టిగోడ మీద, చెట్టు బెరడు మీద గోళ్లకు పట్టు దొరుకుతుంది. పాలిష్ పట్టిన గ్రానైట్ అంచు మీద, స్టీలు రైలింగు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిట్టగోడ మీద నిద్రపోతూ అటు పొర్లిన పిల్లులూ ఉన్నాయి.

కాబట్టి జాలీ. మన నగరంలో ఎక్కువగా వేసే పావురాల వల పావురాలను ఆపడానికి తయారైనది, పిల్లిని ఆపడానికి కాదు. ఆ వల కన్ను, అంటే దారాల మధ్య రంధ్రం, పెద్దది, అందులో పిల్లి కూన తల పడుతుంది. తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుంది, ఎందుకంటే పిల్లి కాలర్ బోన్‌లు, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముకలు, మనకున్నట్టు భుజానికి గట్టిగా అతుక్కొని ఉండవు. పైగా నైలాన్ దారం రెండు మూడు వేసవుల ఎండకు పెళుసెక్కుతుంది, పిల్లి దాన్ని ఒకే చోట కూర్చొని కొరకగలదు. ఈ మధ్య అందంగా ఉంటుందని వేయించుకొంటున్న ఇన్విజిబుల్ గ్రిల్ తీగ గట్టిదే కానీ, తీగకూ తీగకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉంటే పెద్ద పిల్లి కూడా పక్కకు తిరిగి దూరిపోతుంది. దోమల జాలీని గోళ్లతో చీల్చడానికి దానికి నిమిషం చాలు. అంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత వేసిన ఇనుప జాలీ), లేదా లోపల స్టీలు తీగ ఉన్న వల, నేల నుంచి పై స్లాబు దాకా ఖాళీ లేకుండా వేయించడం మంచిది. పిట్టగోడ ఎత్తు దాకా వేసి పైన వదిలేస్తే పిల్లికి ఎక్కడానికి నిచ్చెన వేసి ఇచ్చినట్టే. పనివాడు వెళ్లకముందే మీరు పిడికిలితో జాలీని నాలుగు మూలలా నెట్టి చూడండి. మూల దగ్గర వేళ్లు దూరేంత సందు ఏర్పడితే మరో మేకు కొట్టించండి. వాననీరు పోయే గొట్టం నోటికి కూడా చిన్న జాలీ ముక్క బిగించాలి. అద్దె ఇంట్లో గోడలకు రంధ్రాలు వద్దంటే, నేలకూ స్లాబుకూ మధ్య బిగుసుకొనే కడ్డీలకు జాలీ కట్టే పద్ధతి ఉంది. ఇంకో మాట: జాలీ వేశాక పావురాలూ లోపలికి రావు, రెట్టల గొడవా తీరుతుంది. పిల్లుల్ని ఇష్టపడని ఇరుగుపొరుగును ఒప్పించడానికి ఇంతకన్నా మంచి వాదన నాకు కనిపించలేదు.

జాలీ లోపల ఏం పెట్టాలన్నది మీ అభిరుచి. ఒక చెక్క అరను ఛాతీ ఎత్తున బిగించండి, పిల్లి అక్కడే కాపురం పెడుతుంది. గోనెపట్టా చుట్టిన ఒక కర్ర గోళ్లు గీరడానికి పనికొస్తుంది. తొట్టిలో గోధుమలు చల్లితే వారం పది రోజుల్లో గడ్డి వస్తుంది, దాన్ని నమలడం పిల్లులకు ఇష్టం. విదేశాల్లో క్యాట్‌నిప్ మొక్క ఇచ్చే సరదాను మన దగ్గర కుప్పింటాకు వేరు ఇస్తుంది. ఆ కలుపు మొక్కను వేరుతో పీకితే పిల్లులు వాసన పట్టుకొని వచ్చి దానికి ఒళ్లు రుద్దుకొని దొర్లుతాయి. వాసన చూడటం వరకే, తినడానికి పెట్టవద్దు. ఉండకూడని మొక్కల్లో అన్నిటికన్నా ముందు చెప్పవలసినది బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పువ్వు. దాని పుప్పొడి ఒంటి మీద పడి, పిల్లి ఆ బొచ్చును నాకినా మూత్రపిండాలు చెడిపోతాయి. గన్నేరు గుండెను ఆపుతుంది, సైకస్ కాలేయాన్ని చెరుపుతుంది. మనీ ప్లాంటు, డిఫెన్‌బేకియా నోటిని మండించి చొంగ కార్పిస్తాయి. తులసి కోటకు ఏ భయమూ లేదు.

కాలుగాలిన పిల్లి అన్న మాట మే నెలలో మన బాల్కనీలకు అక్షరాలా వర్తిస్తుంది. మీ అరచేతిని టైలు మీద ఆనించి కాసేపు ఉంచలేకపోతే పిల్లిని అక్కడికి వదలవద్దు. పిల్లికి చెమట పట్టేది పాదాల మెత్తల్లో మాత్రమే. కుక్క నాలుక చాచి రొప్పితే అది మామూలు సంగతి, పిల్లి రొప్పితే ప్రమాద సూచన. వెంటనే నీడకు తెచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ వైద్యుడికి ఫోను చేయాలి. సంక్రాంతి రోజుల్లో మరో ముప్పు ఉంది. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, తెగిన దారాలు బాల్కనీల్లోకి వచ్చి పడుతూనే ఉన్నాయి. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్లు ఉంటాయి కాబట్టి, నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతుంది. దారం ఒక కొస నాలుక కింద చిక్కుకొని, మిగతాది పేగుల్లోకి దిగితే, పేగులు కుచ్చిళ్లలా ముడుచుకొని కోసుకుపోతాయి. నోట్లోంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే దయచేసి లాగవద్దు. అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకురండి.

బెల్టు సంగతి. మెడపట్టీకి తాడు కట్టవద్దు. ఛాతీనీ పొట్టనూ చుట్టే హార్నెస్ కావాలి. భయపడిన పిల్లి ముందుకు పరుగెత్తదు, వెనక్కి నడుస్తూ హార్నెస్‌లోంచి జారిపోతుంది, అందువల్ల ఒక వేలు మాత్రమే దూరేంత బిగువు ఉండాలి. తొలిసారి తొడిగినప్పుడు చాలా పిల్లులు పక్షవాతం వచ్చినట్టు నేల మీద ఒరిగిపోతాయి. నవ్వు వస్తుంది కానీ, అది దాని నిరసన. తిండి పెట్టే వేళ కాసేపు తొడిగి తీసేస్తూ, ఇంట్లోనే మామూలుగా నడిచేదాకా ఓపిక పట్టాలి. బయటికి తీసుకెళ్లేటప్పుడు చేతుల్లో కాకుండా బుట్టలో తీసుకెళ్లండి. వీధిలో కాకుండా తలుపు వేసిన డాబా మీద, తెల్లవారుజామున, బుట్ట తెరిచి మీరు పక్కన కూర్చోండి. అది తనంతట తాను బయటికి రావాలి, రాకపోతే ఆ రోజుకు అంతే. చెవులు వెనక్కి వాలి, ఒళ్లు నేలకు ఆనుకొని, కనుపాపలు పెద్దవైతే ఇంటికి తిరిగి రావాలి. తాడును దేనికీ కట్టి వెళ్లవద్దు, పిట్టగోడ దూకి వేలాడిన పిల్లికి అదే ఉరితాడు అవుతుంది. కొన్ని పిల్లులకు ఈ షికారు ఎప్పటికీ నచ్చదు. వాటిని బలవంతపెట్టడంలో మన ముచ్చట తప్ప వాటికి ఒరిగేది లేదు.

టీకాల గురించి క్లుప్తంగా: బాల్కనీ దాటని పిల్లికి కూడా మూడు నెలలు నిండాక ర్యాబిస్ టీకా, అంతకన్నా ముందు నుంచే పాన్‌ల్యూకోపీనియా తదితర జబ్బుల టీకాలు వేయించాలి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయిస్తే, జత కోసం తలుపు సందుల్లోంచి పారిపోయే తపన బాగా తగ్గుతుంది. కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందు చుక్క కూడా పిల్లి మీద వేయకూడదు, ప్రాణం పోతుంది.

ఇంత చేసినా గ్యాస్ సిలిండర్ వచ్చిన క్షణంలో తలుపులోంచి పిల్లి జారుకోవచ్చు. అప్పుడు చాలామంది బండి తీసి కాలనీ అంతా తిరుగుతారు. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, దొరికినవాటిలో 75 శాతం అవి తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే కనిపించాయి. ఇంటి పిల్లి బెదిరితే పరుగు తీయడం మాని దగ్గర్లో ఉన్న సందులో నక్కుతుంది, మీరు పిలిచినా పలకదు. అందుకని మొదట మీ అంతస్తు మెట్ల కింద, షాఫ్టు తలుపుల వెనుక, తరువాత సెల్లారులో ప్రతి కారు కింద, చక్రాల పైభాగంలో టార్చి వేసి వెతకండి. దూరం నుంచి కళ్లు మెరుస్తాయి. కారు స్టార్టు చేసేముందు బానెట్ మీద తట్టమని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచండి. సద్దుమణిగిన రాత్రి వేళ, దాని తిండి గిన్నె చప్పుడు చేస్తూ అవే చోట్లకు మళ్లీ వెళ్లండి. చర్మం కింద మైక్రోచిప్ వేయించి ఉంటే, ఎవరైనా దాన్ని ఆసుపత్రికి చేర్చినప్పుడు 15 అంకెల సంఖ్య మీ ఫోను నంబరు దాకా తీసుకొస్తుంది. ఇల్లు మారినప్పుడు ఆ నంబరు కూడా మార్పించుకోవాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. జాలీ కొలతలు కావలసినవారు బాల్కనీ ఫొటోలు ఉంటే చూపించండి.