అంతర్ కళాశాలల క్విజ్ పోటీ: వచ్చిన ప్రతి జట్టూ సాయంత్రం దాకా ఆడాలంటే

నమస్కారం. తమ కళాశాలలో అంతర్ కళాశాలల క్విజ్ పోటీ నిర్వహించాలనుకుంటున్న విద్యార్థులతోను, వారి వెనుక నిలిచే అధ్యాపకులతోను ఈ వీడియోలో మాట్లాడదలచాను. మన దగ్గర ఈ పోటీ ఎలా సాగుతుందో మీరెరిగినదే. ఉదయం 25 నుంచి 30 ప్రశ్నలతో రాతపూర్వకంగా ప్రిలిమ్స్ పెడతారు. వచ్చిన జట్లలో ఆరో ఎనిమిదో వేదిక ఎక్కుతాయి. మిగిలిన వారు ప్రేక్షకులుగా కూర్చుంటారు, లేదా భోజనం చేసి బస్సెక్కుతారు. 1972లోనే కె-సర్కిల్ వంటి క్విజ్ సంఘం పుట్టిన హైదరాబాదులో, బౌన్సులు (ఒక జట్టు చెప్పలేని ప్రశ్న తరువాతి జట్టుకు పోవడం), పౌన్సులతో (తమ వంతు రాకముందే సాహసించి జవాబివ్వడం) రక్తి కట్టే వేదిక క్విజ్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ కర్నూలు నుంచో వరంగల్ నుంచో తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన జట్టును అరగంట పరీక్ష రాయించి పంపించడాన్ని ఆతిథ్యం అనలేం.

దీనికి భిన్నమైన పద్ధతి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉంది. డాన్ రీడ్ రూపొందించిన ‘కాలేజ్ బౌల్’ 1953లో రేడియోలోను, 1959లో టెలివిజన్‌లోను మొదలైంది. ఆ బాటలోనే నేటి ‘క్విజ్ బౌల్’ ఎదిగింది. ఇప్పుడు అక్కడి కళాశాల పోటీలకు ఏసీఎఫ్ (అకడమిక్ కాంపిటీషన్ ఫెడరేషన్), 1996లో ఏర్పడిన ఎన్ఏక్యూటీ (నేషనల్ అకడమిక్ క్విజ్ టోర్నమెంట్స్) అనే సంస్థలు ప్రశ్నలు సమకూరుస్తాయి. గదులు, మనుషులు, భోజనం ఆతిథ్య కళాశాల చూసుకుంటుంది. ఇందులో ప్రిలిమ్స్ ఉండవు. నలుగురేసి సభ్యులున్న రెండు జట్లు ఒక తరగతి గదిలో బజర్లు ముందు పెట్టుకొని ఎదురెదురుగా కూర్చుంటాయి. సాధారణంగా మ్యాచ్‌కు 20 ప్రశ్నలు. ఎవరికి వారే బజర్ నొక్కి సరైన జవాబు చెబితే 10 పాయింట్లు వస్తాయి. ఆపైన జట్టంతా చర్చించుకొని చెప్పదగిన మూడు భాగాల బోనస్ ప్రశ్న దక్కుతుంది. ప్రశ్న పూర్తికాకముందే నొక్కి తప్పు చెబితే 5 పాయింట్లు పోతాయి, మిగతా ప్రశ్న అవతలి జట్టు తీరిగ్గా వింటుంది. ఓడిన జట్టు ఇంటికి పోదు, పక్క గదికి పోతుంది.

లెక్క చూద్దాం. 12 జట్లు వచ్చాయనుకోండి. ప్రతి జట్టూ మిగిలిన అన్నిటితో ఆడాలంటే 11 రౌండ్లు, మొత్తం 66 మ్యాచులు అవుతాయి. రౌండుకు 35 నిమిషాల చొప్పున ఆరు గంటలు దాటిపోతుంది. తిరుగు రైలున్న వారికి అది సాధ్యం కాదు. కాబట్టి ఆరేసి జట్ల రెండు గ్రూపులు చేసి, పొద్దున 5 రౌండ్లు ఆడించి, భోజనం తరువాత రెండు గ్రూపుల్లోని మొదటి మూడేసి జట్లను ఒకచోట, కింది మూడేసి జట్లను మరొకచోట చేర్చాలి. పొద్దున తమలో తాము ఆడిన ఫలితాలను అలాగే ఉంచి, కొత్తగా కలిసిన మూడు జట్లతోనే ఆడిస్తే మరో 3 రౌండ్లు చాలు. చివరి స్థానంలో నిలిచిన జట్టు కూడా 8 మ్యాచులు ఆడి, తన స్థాయి జట్ల మీద ఒకటి రెండు గెలిచి వెళుతుంది. జట్ల సంఖ్య బేసి అయితే ప్రతి రౌండులో ఒకరు ఖాళీగా కూర్చోవలసి వస్తుంది కనుక, ఆతిథ్య కళాశాల నుంచి ఒక జట్టును సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఇందుకు ఆరు గదులు, ఆరుగురు ప్రశ్నలు చదివేవారు, ఆరుగురు స్కోరర్లు కావాలి. గదులు దొరుకుతాయి, ఆదివారం పూట తాళాలెవరి దగ్గర ఉంటాయో ముందే కనుక్కుంటే చాలు. కష్టమంతా చదివేవారితోనే. జట్లు గదులు మారుతూ ఉంటాయి కనుక, ఆరు గదుల్లో అయిదు త్వరగా ముగిసినా ఆరోది ముగిసేదాకా తరువాతి రౌండు మొదలుకాదు. ఒక్కరు రౌండుకు 5 నిమిషాలు ఆలస్యం చేస్తే 8 రౌండ్లకు 40 నిమిషాలు అందరివీ పోతాయి. వేదిక మీది క్విజ్ మాస్టరుకు ఉండే చమత్కారం ఇక్కడ అడ్డే. గొంతు నిలకడగా ఉండాలి, పేర్లు తడబడకూడదు, బజర్ మోగిన పదం దగ్గరే ఠక్కున ఆగాలి. జవాబు మీద అభ్యంతరం వస్తే వాదించకుండా, ఆటగాడు అన్న మాటను ఉన్నదున్నట్టు స్కోరు కాగితం మీద రాసుకొని ముందుకు సాగాలి. అది గెలుపోటములను మార్చేదైతేనే మ్యాచు చివర తేల్చాలి. నా మట్టుకు నేను, ముఖ్య అతిథి కోసం పెట్టే ఖర్చు, శ్రమ ఈ ఆరుగురి సాధనకు మళ్లించమంటాను.

ఇక ప్రశ్న. క్విజ్ బౌల్ ప్రశ్న కొద్దిమందికే తెలిసిన ఆధారంతో మొదలై అందరికీ తెలిసిన ఆధారంతో ముగుస్తుంది. ఉదాహరణకు వినండి: “సైరస్ ఫిస్క్‌తో కలిసి ఈ శాస్త్రవేత్త భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. లెడర్లీ సంస్థలో ఈయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్ మందును అందించింది. 1895లో భీమవరంలో పుట్టిన ఈ జీవరసాయన శాస్త్రవేత్త ఎవరు?” జీవరసాయనం చదివిన విద్యార్థి మొదటి వాక్యానికే బజర్ నొక్కుతాడు, భీమవరం దాకా వస్తే మన గదిలో ఎనిమిది చేతులూ లేస్తాయి. జవాబు యల్లాప్రగడ సుబ్బారావు. ఇదే ప్రశ్నను బోస్టన్‌లో అడిగితే భీమవరం చివర ఉండకూడదు, అక్కడివారికి అదే అన్నిటికన్నా కఠినమైన ఆధారం. అందుకే విదేశీ ప్రశ్నపత్రాలను తెచ్చి యథాతథంగా చదివేస్తే కుదరదు. మన పిల్లలకు ఏది ముందు తెలుసో, ఏది తరువాత తెలుసో ఎరిగినవారే వాటిని రాయాలి. చదువు విషయాల పోటీ అన్నప్పుడు సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, లలితకళలు ప్రతి ప్రశ్నపత్రంలోను ఒకే పాళ్లలో ఉండేలా చూడాలి. సినిమా ప్రశ్నలు ఒకటి రెండు ఉంటే అభ్యంతరం లేదు, కానీ చప్పట్ల కోసం వాటిని పెంచకండి.

రాసినవారే ఆడకూడదన్నది రాజీ పడకూడని నియమం. 2013లో ఎన్ఏక్యూటీ సంస్థ హార్వర్డ్ జట్లు గెలిచిన 4 టైటిళ్లను రద్దు చేసింది. ఆ జట్టు ఆటగాడొకరు అదే సంస్థకు ప్రశ్నలు రాస్తూ, రాబోయే ప్రశ్నల మొదటి అక్షరాలు కొన్ని కనిపించే వెబ్ పేజీలను తెరిచి చూసినట్టు సర్వర్ వివరాల్లో బయటపడింది. దానివల్ల లాభపడ్డారనడానికి నేరుగా రుజువు లేకపోయినా, చూసే వీలు కలిగిందన్న కారణమే సరిపోయింది. మన కళాశాలల్లో ప్రశ్నలు ఒక సీనియర్ ల్యాప్‌టాప్‌లోనో, నలుగురు తెరవగల ఫోల్డర్‌లోనో ఉంటాయి. ఆ సీనియర్ రూమ్మేటే ఆతిథ్య జట్టు కెప్టెన్ కావచ్చు. కాబట్టి, ఖాళీ పూరించడానికి పెట్టుకున్న ఆతిథ్య జట్టు సభ్యులెవరూ ప్రశ్నపత్రాన్ని ముందుగా చూసి ఉండరాదు, ఆ జట్టు ఫలితాలను ర్యాంకుల్లో కలపరాదు. ఒకే ప్రశ్నపత్రంతో మరో ఊళ్లో వచ్చే వారం పోటీ ఉంటే, అది ముగిసేవరకు ప్రశ్నల గురించి బయట చర్చించవద్దని వచ్చిన జట్లన్నిటికీ పొద్దునే చెప్పాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. పెద్ద ఖర్చు బజర్లే. అమెరికాలో సొంత బజర్ సెట్ తెచ్చిన జట్టుకు ప్రవేశ రుసుములో తగ్గింపు ఇస్తారు, మనమూ ఇవ్వవచ్చు. బహుమతి సొమ్ము తగ్గించినా నష్టం లేదు గాని, భోజనం మాత్రం వరుసలో అరగంట నిలబెట్టకుండా గదులకే ప్యాకెట్లుగా పంపండి, లేకపోతే మధ్యాహ్నం రౌండ్లు అక్కడే దెబ్బతింటాయి. పోటీ ముగిసిన రాత్రే ప్రతి మ్యాచు స్కోరును, ఏ ఆటగాడు ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చాడో తెలిపే పట్టికను అన్ని జట్లకూ పంపండి. చివరి స్థానంలో నిలిచిన జట్టులోని ఒక అమ్మాయి రసాయనశాస్త్రం ప్రశ్నలన్నిటికీ అందరికంటే ముందు బజర్ నొక్కిందన్న విషయం ఆమె కళాశాలకు ఆ పట్టిక వల్లనే తెలుస్తుంది.