ప్రెషర్ వాషర్ కొనేముందు మీ కుళాయి చూడండి

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం వెళ్లేసరికి మన ఇళ్ల చుట్టూ ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు. ప్రహరీ అడుగున నల్లటి చార, మెట్ల మీద పాచి, బండి పెట్టే చోట టైల్స్ నిండా మట్టి, ఆయిల్ మరకలు. బ్రష్షు పట్టుకుని కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఒకప్పుడు వాటర్ సర్వీసింగ్ షాపుల్లో మాత్రమే కనిపించిన, నీళ్లని గట్టి ఒత్తిడితో కొట్టే ఆ గన్ను మిషన్, అదే ప్రెషర్ వాషర్, ఇప్పుడు చిన్న సైజులో, ఆరేడు వేల రూపాయల నుంచి ఇంటికే వస్తోంది. కొనడం తేలికే, అది రెండేళ్లకి మూలన పడకుండా చూసుకోవడమే కష్టం. మూలన పడిందంటే తప్పు చాలావరకు మిషన్‌ది కాదు, మనం దానికి పెట్టే నీళ్లది.

ఇంటికి పనికొచ్చే చిన్న ప్రెషర్ వాషర్‌ని జర్మనీలో కార్చర్ కంపెనీ 1984లో తెచ్చింది. అక్కడ కుళాయి తిప్పితే మున్సిపల్ లైన్ ఒత్తిడితోనే నీళ్లు వస్తాయి. మనకి నీళ్లొచ్చేది మేడ మీద ట్యాంకు నుంచి. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ అని లెక్క, అంటే ఒక అంతస్తు ఇంట్లో కింది కుళాయికి అర బార్ కూడా రాదు. ఒత్తిడి తక్కువైనా ఫరవాలేదు కానీ, పంపు బయటికి కొట్టేన్ని నీళ్లు లోపలికి అందాలి. అందకపోతే గాలి పీలుస్తుంది, గడగడమని చప్పుడు చేస్తుంది, నీళ్లు లీకవకుండా లోపల ఉండే రబ్బరు సీళ్లు వేడెక్కి పాడైపోతాయి.

అందుకే బాక్సు మీద నంబర్ల కంటే ముందు మీ కుళాయి చూడండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ ఏ ఇంట్లోనైనా ఉంటుంది, దాన్ని కుళాయి కింద పెట్టి టైము చూడండి. ఇంటి మిషన్లు నిమిషానికి ఆరేడు లీటర్లు తాగుతాయి కాబట్టి బకెట్ రెండు నిమిషాల్లో నిండితే ఇబ్బంది లేదు. నాలుగు నిమిషాలు పట్టిందంటే ఆ కుళాయికి తగిలించకండి. బకెట్‌లోంచో డ్రమ్ములోంచో తనే నీళ్లు లాక్కునే రకం తీసుకోండి, అయితే అది మరీ లోతు నుంచి లాగలేదు, కాబట్టి మిషన్ పక్కనే డ్రమ్ము నిండుగా ఉండాలి. సంపులోకి పైపు వేసి లాగించేద్దాం అనుకుంటే కుదరదు.

ఇంకోటి, దీని గురించి షాపువాళ్లు చెప్పరు. మామూలు మిషన్లకి లోపలికొచ్చే నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో మే నెల మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు కదా, వాటితో నడిపితే పంపు పాడవుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే కడుక్కోండి.

ఇక బాక్సు సంగతి. పెద్ద అక్షరాల్లో 130 బార్, 150 బార్ అని ఉంటుంది, అది గరిష్ఠ ఒత్తిడి. పని చేసేటప్పుడు నిజంగా వచ్చేది వేరు, దాన్ని పక్కన చిన్న అక్షరాల్లో రాస్తారు, చూడాల్సింది అది. వంద బార్ల దగ్గర్లో ఉంటే మన మెట్లకి, కారుకి, గోడకి చాలు. మురికిని ఊడదీసేది ఒత్తిడే అయినా, ఊడినదాన్ని తోసుకుపోయేది నీళ్లే, అందుకని నిమిషానికి ఎన్ని లీటర్లో కూడా చూడండి. మోటార్లు రెండు రకాలు. కార్బన్ బ్రష్షులున్నది తేలిక, చవక, కానీ మిక్సీలాగా గోల చేస్తుంది, పది పదిహేను నిమిషాలకి ఒకసారి రెస్ట్ ఇవ్వాలి. ఇండక్షన్ మోటారు బరువు, ధరా ఎక్కువే, అయినా నిదానంగా చాలాకాలం నడుస్తుంది, కాకపోతే లో వోల్టేజీ ఉన్న ఊళ్లలో స్టార్ట్ అవకుండా మూలుగుతుంది. వారానికోసారి కారు కడిగేవాళ్లకి మొదటిది చాలని నా అభిప్రాయం.

కరెంటు దగ్గర మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 1800 వాట్ల మిషన్ దాదాపు 8 యాంపులు లాగుతుంది, గదిలో చిన్న సాకెట్ 6 యాంపులది. గీజర్‌కి వాడే 16 యాంపుల పవర్ ప్లగ్గే కావాలి. టీవీ వెనకాల ఉండే సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుని తెచ్చి తడి నేల మీద పెట్టి కడిగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, లేకపోతే వాషర్ కంటే ముందు అది పెట్టించండి, ఎర్త్ కూడా సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

వాడేటప్పుడు ముందు కుళాయి తిప్పి, మిషన్ ఆన్ చేయకుండానే గన్ను నొక్కి పట్టుకోండి, లోపలి గాలంతా పోయి నీళ్లు ధారగా వచ్చాక స్విచ్ వేయండి. మొదట రెండు అడుగుల దూరం నుంచి కొట్టి, చాలకపోతే కొంచెం కొంచెం దగ్గరికి రండి. గన్ను చివర తగిలించే రంగు నాజిళ్లు ఇచ్చి ఉంటే తెలుపు బాగా వెడల్పు ధార, ఆకుపచ్చ దానికంటే సన్నం, పసుపు ఇంకా సన్నం, ఎరుపు సూదిలాంటి ధార. కారుకి తెలుపో ఆకుపచ్చో వాడండి, అడుగు కంటే దగ్గరికి వెళ్లకండి. ఎరుపుతో ఇంట్లో పని లేదు, తీసి దాచేయండి. గిరగిరా తిరిగే టర్బో నాజిల్ గచ్చుకే, కారు పెయింటు మీద వద్దు. గోడకి సబ్బు నీళ్లు కింది నుంచి పైకి కొట్టాలి, కడగడం పై నుంచి కిందికి, లేకపోతే చారలు పడతాయి. ఎలాగూ రంగులు వేయించబోతుంటే పెచ్చులూడే పాత సున్నం దీంతో సగం పోతుంది, ఆ పనికి బాగుంటుంది. పార్కింగ్ టైల్స్ సందుల్లో ఇసుక కూడా లేచిపోతుంది, ఆరాక మళ్లీ నింపుకోవాలి.

బైక్ చెయిను, చక్రం బేరింగులు, హ్యాండిల్ మీది స్విచ్చులు, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ పోర్టు, వీటి మీద నేరుగా కొట్టొద్దు. ఏసీ బయటి యూనిట్ మీద కొడితే సన్న రేకులు వంగిపోయి గాలి ఆడదు. సోలార్ పలకల మీద అసలే వద్దు, అంచు సీలు దెబ్బతిని తేమ లోపలికి చేరితే పలక పోయినట్టే.

మనుషుల మీదికి, కుక్క మీదికి సరదాకి కూడా గన్ను తిప్పకండి. హవాయి చెప్పులు విడిచి బూట్లు వేసుకోండి, కళ్లజోడు పెట్టుకోండి, కాళ్ల మట్టి దీంతో కడుక్కోవద్దు. ధార చర్మంలోకి దిగితే పైకి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది, లోపల మాత్రం నీళ్లూ మురికీ కండరాల దాకా వెళ్లి ఉంటాయి. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ వాషర్ తగిలిందని డాక్టరుకి చెప్పాలి. ఆపరేషన్ అవసరం పడొచ్చు.

బోరు నీళ్లున్నవాళ్లకి మెయింటెనెన్స్ ఎక్కువ. నీళ్లు లోపలికెళ్లే చోట చిన్న జల్లెడ ఉంటుంది, వాడిన ప్రతిసారీ తీసి ఇసుక కడగండి. ఉప్పు నీళ్లయితే చివర్లో ఒక బకెట్ మంచినీళ్లు పంపులోంచి పోనివ్వండి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు పట్టి వాడదామని కొందరికి ఆలోచన వస్తుంది, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ, కారు మీద తెల్ల మచ్చలు పడతాయి. బ్లీచింగ్ నీళ్లు, బాత్రూం యాసిడ్ పంపులోకి పోయొద్దు.

పని అయ్యాక స్విచ్ తీసి, కుళాయి కట్టి, ఇంకోసారి గన్ను నొక్కి లోపలి ఒత్తిడి వదిలించండి, ఆ తర్వాతే పైపు ఊడదీయండి. ధార ఎగిరెగిరి వస్తుంటే జల్లెడైనా నాజిలైనా మూసుకుపోయిందన్నమాట, మిషన్ ఆపి, నాజిల్ ఊడదీసి సన్న తీగతో పొడవండి. గన్ను వదిలేసినా మోటారు మాటిమాటికీ దానంతటదే తిరుగుతుంటే ఎక్కడో లీకుంది, ముందు పైపు చివర్లలో రబ్బరు రింగులు చూడండి. వాటికి సిలికాన్ గ్రీజు రాయాలి, బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాడకపోయినా నెలకోసారి రెండు నిమిషాలు నడపండి, లేకపోతే సీళ్లు అతుక్కుపోతాయి.

కొనేముందు మీ ఊళ్లోనో పక్క టౌన్‌లోనో సర్వీస్ ఉందా, సీళ్లు, కార్బన్ బ్రష్షులు, పైపు విడిగా దొరుకుతాయా అని అడగండి. లేదంటే పది బార్లు తక్కువైనా సరే, అవి దొరికే కంపెనీదే తీసుకోండి. ఏడాదికి రెండుసార్లే పనుందనుకుంటే అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటి కొనుక్కుని, జల్లెడ కడిగే పని ఎవరిదో ముందే తేల్చుకోండి.

ఉంటాను, నమస్కారం.