చెవులు వినపడని కుక్కపిల్లని పెంచుకోవచ్చా? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం అండి. పెంపుడు జంతువుల మీద మీ ప్రశ్నలకి డాక్టర్ గారు సమాధానాలు చెప్తారు. ఉప్పల్ నుంచి కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: హలో... సార్ వినపడుతుందా?

యాంకర్: వినపడుతుంది, టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: ఆఁ తగ్గించిన. సార్, వాన పడిన రోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల ఒక తెల్ల కుక్కపిల్ల కార్ కింద దొరికింది, మా బాబు పైకి తెచ్చేసిండు, రెండు నెలలు ఉంటదేమో, పిలిస్తే అస్సలు చూడదు, కుక్కర్ విజిల్ వచ్చినా లేవదు, మొన్న మా గల్లీల బరాత్ పోయింది, డీజే అంత మోగుతుంటే అది పండుకునే ఉంది, మా అత్తమ్మ ఏమో చెవిటి కుక్క కరుస్తది, చిన్న పిల్లగాడు ఉన్న ఇంట్ల వద్దు అంటుంది. చెవిలో చుక్కలేస్తే వినపడుతుందా సార్?

డాక్టర్: ఒళ్లంతా తెలుపేనా? కళ్లెట్లా ఉన్నాయి?

కాలర్: మొత్తం తెలుపే సార్. ఒక కన్ను నీలంగుంది.

డాక్టర్: అయితే పుట్టుకతో వచ్చిందే అయుంటుందమ్మా. రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, లోపలి చెవిలో కూడా ఉండాలి. అవి లేకపోతే పుట్టిన మూడు నాలుగు వారాల్లోనే వినికిడి పోతుంది. డాల్మేషన్ జాతి కుక్కల్లో ఇది ఎక్కువ. అట్లాగని తెల్లవన్నీ చెవిటివి కావు, చెవిలో చీమున్నా సరిగా వినపడదు, అందుకే ముందు డాక్టర్‌కి చూపించండి, నారాయణగూడలో గవర్నమెంట్ పశువుల ఆసుపత్రి ఉంది. సొంతంగా చుక్కలు మాత్రం వెయ్యొద్దు.

కాలర్: మరి కరుస్తదా సార్? ఆడుకుంటుంటే బాబు చేతికి పళ్లు గీరుకున్నయి, రక్తం అయితే రాలే...

డాక్టర్: ఆగండి ఆగండి. ఎప్పుడు?

కాలర్: నిన్న సాయంత్రం.

డాక్టర్: ఇంజెక్షన్ వేయించారా? లేదా? అమ్మా, రక్తం రాకపోయినా గీరితే గీరినట్టే. ఇప్పుడే సబ్బు పెట్టి పంపు కింద 15 నిమిషాలు కడగండి, ఈరోజే దగ్గరున్న గవర్నమెంట్ ఆసుపత్రికి తీస్కెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి, వాళ్లు చెప్పిన డోసులన్నీ పూర్తి చెయ్యాలి. పసుపు, కారం లాంటివి పెట్టొద్దు. కుక్కపిల్ల చిన్నదే కదా అనుకోవద్దు.

కాలర్: సరే సార్, పోతా సార్.

డాక్టర్: చెవిటిదని కరవదమ్మా. నిద్రలో ఉలిక్కిపడితే ఏ కుక్కైనా నోరు పెడ్తుంది. లేపాలంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టండి, వాసన చూస్తుంది, తర్వాత భుజం మీద మెల్లగా తాకండి, లేవగానే చిన్న చికెన్ ముక్క ఇవ్వండి. రోజూ ఇట్లాగే చేస్తే చెయ్యి తగిలితే మంచిదే అని నేర్చుకుంటుంది. అది పడుకున్నప్పుడు బాబు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ఇంక మాటలకి బదులు చేతి సైగలు. బొటనవేలు పైకెత్తితే శభాష్, వెంటనే తిండి. ఇంట్లో అందరూ ఒకే సైగ చెయ్యాలి, మీరొకటి అత్తమ్మ గారొకటి చేస్తే దానికి అర్థం కాదు. చీకట్లో పిలవాలంటే లైట్ ఒకసారి వేసి తీయండి. కానీ లీష్, అంటే పట్టుకునే తాడు, లేకుండా గేటు దాటొద్దు, హారన్ వినపడదు దానికి.

కాలర్: అయితే చుక్కలు వద్దా సార్?

డాక్టర్: వద్దమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి... సరే, మీ బాధ నాకర్థమైంది. దానికి వినికిడి లేదన్న సంగతి తెలీదు, మనకే తెలుసు. పెంచుకోండి. ముందు బాబు టీకా, తర్వాత కుక్కపిల్ల టీకాలు. దానికి రేబిస్ టీకా మూడు నెలలకి.

యాంకర్: థాంక్యూ అమ్మా. మల్కాజిగిరి నుంచి, చెప్పండి.

కాలర్: సార్, మా దగ్గర కూడా చెవిటిది ఉంది, ఆన్‌లైన్‌ల కరెంట్ షాక్ కొట్టే బెల్ట్ దొరుకుతుంది, ట్రైనింగ్‌కి...

డాక్టర్: వద్దు. భయపెట్టి నేర్పేదేం లేదు. షాక్ లేకుండా ఫోన్ లాగ వైబ్రేట్ అయ్యే బెల్టులున్నాయి, వైబ్రేషన్ రాగానే తిండి ఇచ్చి అలవాటు చెయ్యండి, మీ వైపు చూస్తుంది.

కాలర్: పార్కుల వదలొచ్చా?

డాక్టర్: లీష్ తోనే. ఇందాకే చెప్పాను కదా.

యాంకర్: ధన్యవాదాలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి, త్వరగా చెప్పండి, టైమ్ లేదు.

కాలర్: డాక్టర్ గారూ, ఒక చెవి వినపడి ఒకటి వినపడకపోతే ఎట్లా తెలుస్తుంది?

డాక్టర్: పిలిస్తే లేస్తుంది, కానీ మీరెటు ఉన్నారో తెలీక అటూ ఇటూ చూస్తుంది. ఇంట్లో చూడాలంటే వెనక నుంచి తాళాలు మోగించండి, నేల అదరకుండా, గాలి తగలకుండా. దాన్ని కూడా లీష్ లేకుండా...

యాంకర్: సారీ డాక్టర్ గారూ, టైమ్ అయిపోయింది. ఉప్పల్ నుంచి కాల్ చేసినమ్మ వింటుంటే, బాబుని ఈరోజే తీస్కెళ్లండి.