నీటిని పట్టే రెజిన్, ముందుకు సాగే చర్య

సభకు నమస్కారం.

రసాయన చర్యనూ, అధిశోషణతో (ఘనపదార్థం తన ఉపరితలానికి కొన్ని అణువులను పట్టి ఉంచడంతో) వేరుచేయడాన్నీ ఒకే రియాక్టరులో జరిపించడం ఎలాగో తెలుసుకోవడానికి ఇథైల్ ఎసిటేట్ తయారీని మించిన ఉదాహరణ నాకు కనబడదు. 60 గ్రాముల ఎసిటిక్ ఆమ్లానికి 46 గ్రాముల ఇథనాల్ కలిపితే 88 గ్రాముల ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, 18 గ్రాముల నీరు రావాలి; కానీ మూసిన పాత్రలో ఎంతసేపు ఉంచినా ఆమ్లంలో ఇంచుమించు మూడింట రెండు వంతులే మారి, 20 గ్రాముల దాకా అలాగే మిగిలిపోతుంది. పుట్టిన నీరే ఎస్టరును మళ్లీ విడగొడుతుంది. 1862లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు బెర్తెలో, పెయాన్ ద సాన్-జిల్ కొలిచి చూపిన సమతాస్థితి ఇదే. ఉత్ప్రేరకం ఆ హద్దుకు త్వరగా చేరుస్తుందే తప్ప హద్దును జరపలేదు.

ఇప్పుడు ఒక గొట్టం నిండా ఆంబర్‌లిస్ట్-15 అనే రెజిన్ (ఆమ్ల గుణమున్న ప్లాస్టిక్ పూసలు) పోసి, ఇథనాలుతో తడిపి, పైనుంచి ఆమ్లం, ఇథనాల్ కలిపిన మిశ్రమాన్ని నెమ్మదిగా వదలండి. మిల్లీమీటరు కూడా లేని ఆ పూసల్లోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలే చర్యను నడిపిస్తాయి, అవే నీటిని గట్టిగా పట్టుకుంటాయి. ఎస్టరుకు ఆ పట్టు లేదు కనుక అది ముందు సాగిపోతుంది, నీరు వెనకబడుతుంది. విడగొట్టే నీరు పక్కన లేకపోవడంతో మిగిలిన ఆమ్లం కూడా ఎస్టరుగా మారుతూ పోతుంది. కింద పట్టిన తొలి నమూనాల్లో ఇథనాల్, ఆ తర్వాత నీరు దాదాపు లేని ఎస్టర్ వస్తాయి; ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఘట్టం అదే.

అయితే రెజిన్ కాసేపటికి నీటితో నిండిపోతుంది. నీరు పట్టిన సమూహం చర్యకూ అక్కరకు రాదు కనుక నష్టం రెండింతలు. అందుకే ఇథనాలుతో కడగాలి. ఆపకుండా నడపాలంటే కొన్ని కాలమ్‌లను వలయంగా కలిపి, ద్రవం లోపలికి వచ్చే, బయటికి పోయే చోట్లను వాల్వులతో ఒక్కో కాలమ్ చొప్పున ముందుకు జరుపుతారు. రెజిన్ కదలకపోయినా ద్రవానికి ఎదురు నడిచినట్టే పనిచేస్తుంది. వేరుచేయడానికి మాత్రమే వాడే ఈ ఏర్పాటుకు అమెరికాకు చెందిన యూఓపీ సంస్థకు 1961లో పేటెంటు లభించింది. దానిలోనే చర్యనూ జరిపించడం తర్వాతి అడుగు.

ఇక్కడ వేడి పెంచితే చర్య వేగం పెరుగుతుంది గాని అధిశోషణ సడలుతుంది. పైగా ఈ రెజిన్ 120 డిగ్రీలు దాటితే తట్టుకోదు. కడగడానికి వాడిన ఇథనాలులో చేరిన నీటిని మామూలు స్వేదనం పూర్తిగా తీయలేదు; ఇథనాల్ దాదాపు 95.6 శాతానికి చేరాక అది ఆగిపోతుంది. ఈ రియాక్టరు గిట్టుబాటవుతుందా అని నన్నడిగితే, ముందుగా ఆ ఇథనాలును తిరిగి ఆరబెట్టే ఖర్చు లెక్కే చూడమంటాను.