ఫోన్-ఇన్: కొవ్వు కరిగించే ఇంజెక్షన్లతో బరువు తగ్గుతుందా?

వ్యాఖ్యాత: ఆపరేషన్ లేకుండా బరువు తగ్గిస్తామనే పద్ధతుల గురించి ఈ రోజు డాక్టర్ గారిని అడుగుదాం. హలో, చెప్పండమ్మా.

కాలర్ 1: హలో... వినపడుతోందాండీ?

వ్యాఖ్యాత: టీవీ సౌండ్ తగ్గించండమ్మా.

కాలర్ 1: ఆ, తగ్గించానండీ. నమస్తే డాక్టర్ గారూ. రెండో కాన్పు తర్వాత నాకు పొట్ట అలాగే ఉండిపోయిందండీ. నడిచాను, రాత్రి తినడం మానేశాను, ఏదీ నెల దాటలేదు. మా ఆడపడుచు వెళ్తోందని నేనూ వెళ్లాను. పొట్టకి కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు. ఆరు సిట్టింగులు, మూడు అయ్యాయి. తనకేమీ కాలేదు, నాకేమో...

డాక్టర్: ఏం మందమ్మా? సీసా మీద పేరు చూశారా?

కాలర్ 1: లేదండీ. కరిగించే మందన్నారు.

డాక్టర్: అది పేరు కాదమ్మా. ఇచ్చింది డాక్టరేనా?

కాలర్ 1: తెల్ల కోటు వేసుకున్నారండీ.

డాక్టర్: తెల్ల కోటు ఎవరైనా కొనుక్కోవచ్చు. సరే, ఇబ్బందేంటి?

కాలర్ 1: కుడివైపు గట్టిగా గడ్డలా ఉందండీ. నొక్కితే నొప్పి. అడిగితే కొవ్వు కరిగేటప్పుడు అలాగే ఉంటుందన్నారు. మిగతా మూడూ చేయించుకోవచ్చా? డబ్బు ముందే కట్టేశాం.

డాక్టర్: వద్దు. ఈ ఇంజెక్షన్లలో చాలావరకు డీఆక్సీకోలిక్ ఆమ్లం ఉంటుంది. మన పైత్యరసంలో ఉండేదే. అది కణం పైపొరను పగలగొడుతుంది. కొవ్వు కణమా, చర్మ కణమా అని చూడదు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2015లో దీనికి అనుమతిచ్చింది గడ్డం కింద కొవ్వుకు మాత్రమే. పొట్టకు కాదు, బరువు తగ్గడానికి అసలే కాదు. అనుమతి లేని ఇలాంటి ఇంజెక్షన్లతో మచ్చలు, గడ్డలు, ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని 2023లో అదే సంస్థ హెచ్చరించింది. మీ బరువెంత తగ్గింది?

కాలర్ 1: బరువు తగ్గలేదండీ. నడుము ఒక అంగుళం తగ్గిందని టేపు పెట్టి చూపించారు.

డాక్టర్: టేపు కొంచెం బిగించి పట్టుకున్నా అంగుళం తగ్గుతుంది! కొలత వేరు, బరువు వేరు. జ్వరం ఉందా? గడ్డ ఎర్రబడిందా, చీము కారుతోందా?

కాలర్ 1: జ్వరం లేదండీ. కొంచెం ఎర్రగా ఉంది. అంటే... మూడు కాకపోయినా ఒక్కటైనా...

డాక్టర్: అమ్మా, ఒక్కటి కూడా వద్దు! డబ్బు పోతే పోయింది. రేపే సర్జన్‌కు గానీ చర్మ వైద్యుడికి గానీ చూపించండి. ఈ సూదులతో వచ్చే కొన్ని ఇన్ఫెక్షన్లు వారాల తర్వాత బయటపడతాయి, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. గడ్డలోంచి శాంపిల్ తీసి పరీక్ష చేయాలి. ఇంజెక్షన్లు వేయించుకున్నానని దాచకుండా చెప్పండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్.

కాలర్ 2: సార్, చెవికి స్టేపుల్, అదే చిన్న లోహపు పిన్ను, వేస్తే ఆకలి తగ్గుతుందట, నిజమేనా?

డాక్టర్: నమ్మదగ్గ ఆధారం లేదు. చెవిలోని మెత్తటి ఎముకకు, అంటే మృదులాస్థికి, రక్తం తక్కువగా అందుతుంది. అక్కడ చీము పడితే చెవి ఆకారమే మారిపోవచ్చు.

కాలర్ 2: మరి తీసేస్తే...

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ, ఇంకొకరు వెయిటింగ్‌లో ఉన్నారు.

కాలర్ 3: డాక్టర్ గారూ, హెచ్‌సీజీ ఇంజెక్షన్లతో మా ఫ్రెండ్ నిజంగానే తగ్గాడండీ.

డాక్టర్: దాంతోపాటు తిండి ఎంత తినమన్నారు?

కాలర్ 3: రోజుకి ఐదు వందల కేలరీలు.

డాక్టర్: తగ్గించింది ఆ పస్తులే! హెచ్‌సీజీ అంటే గర్భంలో తయారయ్యే హార్మోను. 1950ల నుంచీ బరువు తగ్గడానికని వాడుతున్నారు. అందుకు పనిచేసినట్టు రుజువు లేదని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే రాయాలి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా అంత తక్కువ తింటే పిత్తాశయంలో రాళ్లు, గుండె లయ తప్పడం... మీరూ మొదలుపెట్టారా?

కాలర్ 3: లేదండీ. సీసాలు తెచ్చి పెట్టుకున్నాను.

డాక్టర్: వాటి మీద పేరైనా ఉందా? ఉన్నా వాడకండి.

వ్యాఖ్యాత: థాంక్యూ. టైమ్ అయిపోయింది డాక్టర్ గారూ...

డాక్టర్: ఒక్క నిమిషం. ఆ మొదటి అమ్మగారు వింటుంటే, గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీసి ఫొటో తీసుకోండి. ఎరుపు ఆ గీతను దాటి పాకినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు, ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.