సైకిల్ ముందు చక్రం బ్రేకు తీసేయించారా? మళ్లీ పెట్టించండి

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: దేవరకొండ నుంచి మేడం. మా బాబు తొమ్మిదో తరగతి. మొన్న సైకిల్ మీద స్కూలుకు పోతుంటే బర్రె అడ్డమొచ్చింది. ముందు బ్రేకు గట్టిగ పట్టిండు, హ్యాండిల్ మీదికెళ్లి పల్టీ కొట్టిండు. మోచెయ్యి గీరుకుపోయింది. అందుకే ముందు బ్రేకు తీసేయించిన. మంచిదే కదా సార్?

కోచ్: రేపే మళ్లీ పెట్టించన్నా. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టేముంటుంది, జారుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు రోడ్డు మీద ముందు బ్రేకు సరిగ్గా వాడితే బ్రేకు పట్టినంక 3 మీటర్లలో ఆగొచ్చు. వెనకదొక్కటే అయితే 6 మీటర్ల దాకా పోతుంది. బర్రె అంతసేపు ఆగదు కదా!

కాలర్: మరి పల్టీ ఎందుకు కొట్టిండు?

కోచ్: బ్యాగు ఎక్కడ పెడతాడు?

కాలర్: హ్యాండిల్‌కే తగిలిస్తడు. టిఫిన్ బాక్సు కూడా.

కోచ్: ముందు వైపే బరువు పెట్టిండన్నమాట. పైగా సైకిల్ ఆగినా ఒళ్లు ఆగదు. చేతులు వదులుగా ఉంటే ఛాతీ హ్యాండిల్ మీదికి పోతుంది, వెనక చక్రం లేస్తుంది. బ్యాగును క్యారేజీకి పాత ట్యూబు ముక్కతో కట్టండి. ఖాళీ గ్రౌండులో నేర్పించండి: పెడల్స్ రెండూ సమానంగా పెట్టి, సీటు మీది నుంచి కొంచెం లేచి నడుము వెనక్కి జరపాలి. ఛాతీ కిందికి దించి, చేతులతో హ్యాండిల్‌కు ఎదురు తన్నిపట్టాలి. బ్రేకు ఒక్కసారి గుంజొద్దు, మెల్లగా మొదలుపెట్టి పెంచాలి. వెనక చక్రం జారుతుంటే ముందు బ్రేకు కొంచెం వదలాలి. ఇసుక, కంకర మీద మాత్రం వెనక బ్రేకే ఎక్కువ వాడాలి. అక్కడ ముందు చక్రం జారిందంటే ఆపలేం.

యాంకర్: ఇంకో కాల్, మన్ననూరు నుంచి.

కాలర్: సార్, శ్రీశైలం ఘాట్‌లో మా పాపను ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకొని పోవచ్చా?

కోచ్: వద్దు తమ్ముడూ. దిగుడులో బరువు ఎట్లాగూ ముందుకే వాలి ఉంటుంది, పాప కూర్చుంటే నువ్వు వెనక్కి జరగలేవు. ఈగలపెంట దాటినంక డ్యాం వైపు దిగేటప్పుడు ఒక్కడివే ఉన్నా సరే, మలుపు రాకముందే వేగం తగ్గించు. పాపను బస్సెక్కించు.