రాకుండా ఆపిన పరుగులు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కునుకు తీయాల్సిన వేళ ఇంతమంది వచ్చి కూర్చున్నారు. చాలా సంతోషం.

మీలో చాలామంది పిల్లలు లిటిల్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడుతున్నారు. మ్యాచ్ అయ్యాక ఇండియాలో ఉన్న తాతయ్యకి వీడియో కాల్ చేస్తే ఆయన అడిగే మొదటి మాట ఏమిటి? "ఎన్ని కొట్టావురా?" ఎన్ని ఆపావని ఏ తాతయ్యా అడగడు. అందుకే ఈ రోజు ఆపినవాడి గురించి మాట్లాడదామనుకున్నాను. పేరు ఆజీ స్మిత్. మన సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి 15 ఏళ్లు షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడు. బుష్ స్టేడియం బయట, రెండు కాళ్లూ నేల వదిలి, గాలిలో అడ్డంగా సాగి బంతి కోసం చెయ్యి చాచిన కంచు విగ్రహం ఉంటుంది చూశారా, అది ఆయనదే. నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆ విగ్రహం ముందు నిలబడి ఒకటే అనుకున్నాను: ఈ మనిషి చేతిలో బ్యాట్ లేదేమిటి?

ముందు షార్ట్‌స్టాప్ అంటే ఏమిటో చెప్తాను. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. కుడిచేతి బ్యాటర్లు ఎక్కువ కదా, వాళ్లు బలంగా కొడితే బంతి ఎక్కువగా అటే వస్తుంది. మనకి వెంటనే పాయింట్‌లోనో కవర్‌లోనో నిలబడే ఫీల్డర్ గుర్తొస్తాడు. కానీ క్రికెట్‌లో అతను బంతిని ఆపితే చాలు, పరుగు ఆగినట్టే. ఇక్కడ ఆపితే సరిపోదు. బంతి నేల మీద పడ్డాక బ్యాటర్‌కి పరిగెత్తకుండా ఉండే వీల్లేదు. మొదటి బేస్ 90 అడుగుల దూరం. బంతి అతనికంటే ముందు అక్కడికి చేరితే అవుట్. మామూలుగా పరిగెత్తేవాడికి కూడా నాలుగు సెకన్ల పైచిలుకు చాలు. ఆ కాస్త సమయంలోనే షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి చేరాలి, ఎడమ చేతి గ్లోవ్‌లో అందుకోవాలి, కుడి చేతిలోకి మార్చుకోవాలి, మైదానం ఆ చివరికి సూటిగా విసరాలి. ఇందులో ఏ ఒక్కటి పావు సెకను ఆలస్యమైనా బ్యాటర్ బతికిపోతాడు.

ఆజీ స్మిత్ 1954లో అలబామాలోని మొబీల్‌లో పుట్టాడు. బేస్‌బాల్ దిగ్గజాలు హ్యాంక్ ఆరన్, సాచెల్ పేజ్, విల్లీ మెకోవీ పుట్టిన ఊరు కూడా అదే. అదేం నేలో మరి! చిన్నప్పుడే వాళ్ల కుటుంబం లాస్ ఏంజిలస్‌లోని వాట్స్ ప్రాంతానికి వెళ్లింది. 1965లో అక్కడ అల్లర్లు జరిగినప్పుడు కిటికీలోంచి తూటా వస్తుందేమోనని ఇంటిల్లిపాదీ నేల మీదే పడుకున్నారు. అప్పటికి ఆయనకి పదేళ్లు.

ఆ పిల్లాడి ఆటలు ఎలా ఉండేవో వినండి. ఇంటి మెట్లకేసి బంతి కొట్టేవాడు. అది ఏ అంచుకి తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు, ఎటు వచ్చినా పట్టాలి. ఇంటి కప్పు మీదుగా బంతి విసిరి, అటువైపు పడేలోగా చుట్టూ పరిగెత్తి అందుకోవాలని చూసేవాడు. వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని బంతి పైకి విసిరి, కళ్లు తెరవకుండానే పట్టుకునేవాడు. ఎవరూ నేర్పలేదు, ఏ క్యాంపుకీ డబ్బు కట్టలేదు. మన పిల్లలకి ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నామో నాకూ తెలుసు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను.

కాల్ పాలీ యూనివర్సిటీలో చదువుతూ రెండు చేతుల వాటంతోనూ బ్యాటింగ్ చేయడం నేర్చుకున్నాడు. 1976లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు ఎంచుకుంటే వెళ్లలేదు. మరుసటి ఏడాది శాన్ డియాగో పాడ్రెస్‌తో 5,000 డాలర్ల బోనస్‌కి సంతకం చేశాడు. కింది లీగ్‌లో ఆడింది 68 మ్యాచ్‌లే. 1978 ఏప్రిల్‌కల్లా మేజర్ లీగ్‌లో ఉన్నాడు.

అదే నెల 20న అట్లాంటా బ్రేవ్స్‌తో మ్యాచ్. జెఫ్ బరోస్ కొట్టిన బంతి, బంతి విసిరే పిచ్చర్‌ని దాటి రెండో బేస్ పక్కనుంచి దూసుకెళ్తోంది. స్మిత్ తన ఎడమవైపుకి డైవ్ చేశాడు. శరీరం గాలిలో ఉంది, గ్లోవ్ ముందుకి చాచి ఉంది. ఆ క్షణంలో బంతి నేల మీద దేనికో తగిలి దారి మార్చుకుని వెనక్కి లేచింది. గాలిలో ఉన్న మనిషి దిశ మార్చుకోలేడు కదా. స్మిత్ చూపు ముందుకే ఉంది, కుడి చెయ్యి మాత్రం వెనక్కి వెళ్లింది. గ్లోవ్ లేని ఉత్త చేతికి బంతి చిక్కింది. నేలకి కొట్టుకున్నాడు, లేచాడు, విసిరాడు. బరోస్ అవుట్. ఇప్పటికీ ఆ వీడియో దొరుకుతుంది, ఇంటికెళ్లాక చూడండి. నేను చాలాసార్లు ఆపి ఆపి చూశాను. చూసిన ప్రతిసారీ నాకు ఆ వాట్స్ ఇంటి మెట్లే గుర్తొస్తాయి. బంతి ఎటు ఎగిరితే అటు చెయ్యి పోవడం అక్కడే అలవాటైంది.

ఇంత ఆడినా బ్యాటింగ్ దగ్గర ఆగిపోయేవాడు. 1979లో సగటు .211, అంటే వెయ్యి ప్రయత్నాలకి 211 హిట్లు. మరుసటి ఏడాది .230. ఆ 1980లోనే షార్ట్‌స్టాప్‌గా 621 అసిస్టులు చేశాడు. అంటే 621 సార్లు ఆయన విసిరిన బంతితో ఒకడు అవుటవడానికి దారి దొరికింది. ఒక్క సీజన్‌లో అన్ని చేసిన షార్ట్‌స్టాప్ అంతకుముందు లేడు, ఇప్పటికీ లేడు. మంచి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డు మొదటిసారి ఆ ఏడాదే వచ్చింది.

జీతం మాత్రం పెరగలేదు. విసుగొచ్చి ఆయన ఏజెంట్, ఈ ఆటగాడికి పార్ట్‌టైమ్ పని కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. జట్టు యజమాని భార్య జోన్ క్రాక్ తమ తోటమాలికి సహాయకుడిగా పెట్టుకుంటామని జవాబిచ్చింది. విన్నవాళ్లు నవ్వుకుని ఉంటారు, నాకు మాత్రం నవ్వు రాదు. కొట్టిన పరుగు బోర్డు మీద కనిపిస్తుంది, ధర పలుకుతుంది. ఆపిన పరుగు ఎక్కడా కనిపించదు. దానికి ధర కట్టడం ఎవరికీ చేతకాలేదు.

చేతనైనవాడు ఒక్కడున్నాడు, కార్డినల్స్ మేనేజర్ వైటీ హెర్జాగ్. బుష్ స్టేడియంలో అప్పుడు గడ్డి బదులు కృత్రిమ టర్ఫ్ ఉండేది. దాని మీద బంతి ఉరుకుతుంది. అలాంటి చోట మంచి షార్ట్‌స్టాప్ విలువేమిటో ఆయన లెక్క వేసుకున్నాడు. 1982 ఫిబ్రవరిలో, బాగా బ్యాటింగ్ చేసే గ్యారీ టెంపుల్టన్‌ని పాడ్రెస్‌కి ఇచ్చి స్మిత్‌ని తెచ్చుకున్నాడు. తెచ్చుకుని ఊరుకోలేదు, పందెం కట్టాడు. బంతిని గాలిలోకి లేపిన ప్రతిసారీ నువ్వు నాకు ఒక డాలర్ ఇవ్వు, నేల మీద కొట్టిన ప్రతిసారీ నేను నీకు ఒక డాలర్ ఇస్తానన్నాడు. బక్కపలచని మనిషి, కాళ్లలో వేగం ఉంది. గాలిలోకి లేపితే క్యాచ్, నేల మీద కొడితే పరిగెత్తి బతకొచ్చు. సీజన్ అయ్యేసరికి స్మిత్ దాదాపు 300 డాలర్లు గెలిచాడు. ఆ ఏడాదే కార్డినల్స్ వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, కూడా గెలిచారు.

ఇక 1985. ఆ సంవత్సరం ఆయనకి ఏడాదికి 20 లక్షల డాలర్ల పైన కాంట్రాక్టు వచ్చింది. బ్యాట్ కోసం కాదు, గ్లోవ్ కోసం. ఆ జులైలో బేస్ మీదకి వెనక్కి డైవ్ చేసినప్పుడు కుడి భుజంలో రొటేటర్ కఫ్, అంటే భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు, దెబ్బతింది. విసిరే చెయ్యి అది. షార్ట్‌స్టాప్‌కి ఆ చెయ్యి పోతే ఇక మిగిలేదేమీ లేదు. అప్పుడు ఆపరేషన్ చేయించుకోలేదు, ఊరంతా చాటలేదు. వ్యాయామంతో భుజాన్ని బలపరుచుకున్నాడు. బలం తగ్గిన చోట బంతిని ఇంకాస్త ముందుగా అందుకుని, ఇంకాస్త త్వరగా చేతులు మార్చుకుని విసిరేవాడు. అవసరమైతే టర్ఫ్ మీద ఒక్క స్టెప్ పడేలా మొదటి బేస్‌కి పంపేవాడు. ఆ తర్వాత మరో 11 సీజన్లు ఆడాడు. ఆయన కెరీర్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది ఈ దొంగచాటు మరమ్మతే.

ఆ దెబ్బతిన్న భుజంతోనే అక్టోబర్ 14న, వరల్డ్ సిరీస్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే సిరీస్‌లో, లాస్ ఏంజిలస్ డాడ్జర్స్‌తో అయిదో మ్యాచ్ ఆడుతున్నాడు. సిరీస్ 2-2. మ్యాచ్ కూడా 2-2. తొమ్మిదో ఇన్నింగ్స్, బౌలింగ్ టామ్ నీడెన్‌ఫ్యూర్. స్మిత్ ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు. మేజర్ లీగ్‌లో ఆ వాటంతో అప్పటికి 3,009 సార్లు ఆడి ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా కొట్టలేదు. ఈసారి బంతి కుడి లైన్ పట్టుకుని వెళ్లి గోడ మీది స్తంభానికి తగిలింది. హోమ్ రన్! రేడియోలో జాక్ బక్ "గో క్రేజీ, ఫోక్స్, గో క్రేజీ" అని అరిచిన అరుపు ఈ ఊళ్లో ముసలివాళ్లకి ఇప్పటికీ నోటికొచ్చు.

ఊరు పండగ చేసుకుంది, నాకూ ఆ సంతోషం అర్థమవుతుంది. కానీ 19 సీజన్లలో ఆయన కొట్టింది 28 హోమ్ రన్లు. షార్ట్‌స్టాప్‌గా చేసిన అసిస్టులు 8,375, ఆ రికార్డు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఒక్క హోమ్ రన్ తేదీతో సహా గుర్తుంది, ఆ ఎనిమిది వేలు ఎవరికి గుర్తున్నాయి?

బ్యాటింగ్ కూడా మెరుగుపడింది, అది చెప్పకపోతే అన్యాయం. 1987లో ఒక్క హోమ్ రన్ లేకుండా .303 సగటు, 75 పరుగులు చేయించడం, 43 బేస్‌లు దొంగిలించడం, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానం. గోల్డ్ గ్లోవ్‌లు 1980 నుంచి 1992 దాకా వరసగా 13.

చివరి ఏడాది అంత హాయిగా సాగలేదు. 1996లో కొత్త మేనేజర్ టోనీ లరూసా వచ్చాడు, రాయిస్ క్లేటన్ అనే కుర్ర షార్ట్‌స్టాప్ వచ్చాడు. తన చోటు తానే గెలుచుకున్నానని స్మిత్ నమ్మాడు, మ్యాచ్‌లు మాత్రం ఇద్దరికీ పంచారు. 41 ఏళ్ల వయసులో .282 కొట్టాడు. జూన్‌లోనే రిటైర్మెంట్ చెప్పేశాడు. 2002లో మొదటి ఓటింగ్‌లోనే 91.7 శాతంతో, ఆటలో గొప్పవాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. ఆపినవాడికి కూడా విలువ కట్టారన్నమాట.

వచ్చే శనివారం పిల్లల మ్యాచ్ ఉంది. ఒక్క ఇన్నింగ్స్ మాత్రం బ్యాటర్‌ని చూడకండి. పిచ్చర్ చెయ్యి లేపగానే షార్ట్‌స్టాప్ కాళ్ల వైపు చూడండి. బంతి అటు రాకపోయినా ఆ పిల్లో పిల్లాడో మునివేళ్ల మీదకి లేచి, చిన్న అడుగు ముందుకేసి, మళ్లీ వెనక్కి వచ్చి నిలబడతారు. మ్యాచ్‌లో వందసార్లు అలాగే చేస్తారు. రాత్రి తాతయ్య ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి మీరే చెప్పండి.